ఎస్తేరు గొంతు

నల్లగొండలో ఒక మేడమీది ఇల్లు. మధ్యాహ్నం. ముందరి గదిలో టీవీ నడుస్తోంది. అత్త ఎస్తేరు, కోడలు స్నేహలత.

"సౌండు జర తగ్గియ్యి అత్తమ్మా."

"తగ్గించిన."

"యాడ తగ్గించినవ్? వంటింట్ల కుక్కర్ విజిల్ వినబడ్తలేదు."

"ఇనవడకపోతె కుక్కర్ కాడ నిలవడు."

"రిమోటు ఇటియ్యి."

"ఇయ్య."

"దిండు కింద పెట్టుకున్నవా? చిన్నపిల్లవా అత్తమ్మా?"

"నా సినిమా. నా ఇష్టం."

"నీ సినిమానే, కాదన్ననా? అందుకే అడుగుతున్న. నేను గీ ఇంటికి కోడలుగ వచ్చిన సంది చూస్తున్న. టీవీల నీ సినిమా వచ్చిందంటె ముందుగాల సౌండు బంద్ చేసేదానివి. ఉత్త బొమ్మ చూసేదానివి. పెండ్లయిన కొత్తల నాకు తెల్వక సౌండు పెంచితె, మూడు పూటలు నాతోని మాట్లాడలె."

"రెండు పూటలె."

"సరే, రెండు పూటలు. గా హైమవతి గొంతు నా ఇంట్ల వినబడొద్దు అన్నవ్. తెర మీద మొఖం నీది, మాట ఆమెది. ఇన్నేండ్లు నీ పెదవుల మీద ఆమె మాట్లాడిందని ఆమె పేరు ఎత్తితెనే లేచిపోయేదానివి. మరి గీ నెల సంది ఏమైంది? ఇల్లు ఎగిరిపోయేటట్టు పెడ్తున్నవ్. కింద కిరాయికున్నోళ్లు నిన్న అడిగిన్రు, మీ అత్తమ్మకు చెవులు గూడ పోతున్నయా అని."

"చెవులు గూడ అన్నరా?"

"అన్నరు."

"గొంతు సంగతి వాళ్లకెవరు జెప్పిన్రు?"

"ఎవరు చెప్పాలె? నువ్వు మెట్లు దిగుకుంట పలకరిస్తె తెలుస్తలేదా? మాట సగం, గాలి సగం."

"నీళ్లియ్యి."

"ఇగో. మెల్లగ. మింగినంక మాట్లాడు."

"మింగిన."

"నొస్తుందా?"

"లేదు."

"కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి."

"సినిమా జూసి."

"కామెడీ సీను నడుస్తాంది అత్తమ్మా."

"గా కామెడీ చేసేటాయన సంగతి నీకు తెల్వదు. ఆయన జోకులకు ఏడుపే వస్తది."

"నవ్వియ్యకు నన్ను. నేను కోపంల ఉన్న. సోమవారం తారీఖు ఇచ్చిన్రు దవాఖానల. ఇది మూడోసారి. మొదటిసారి షూటింగ్ ఒక్క దినం మిగిలిందన్నవ్. రెండోసారి బస్సు ఎక్కినంక చౌటుప్పల్ల దిగిపోయినవ్. ముందర సీట్ల కూసున్న నీ కొడుకు హైదరాబాద్ దాంక పోయి, బస్సుల వెతికి, ఫోన్ చేసి..."

"చాయ్ తాగుదామని దిగిన. బస్సు పోయింది."

"అబద్ధం."

"అవు."

"ఎందుకు దిగినవ్?"

"డైరెక్టరు నాగేందర్ సినిమా బొమ్మ తీసుడు అయింది. గొంతు చెప్పుడు, గా డబ్బింగు, మిగిలింది. గది కానియ్యి. అటెనుక ఏడికంటె ఆడికొస్త."

"డాక్టరు ఏమన్నడు అత్తమ్మా?"

"గడ్డ లేసిన గొంతు పెట్టె తీసేస్తమన్నడు. మెడకు బొక్క పెడ్తరట. ఊపిరి గా బొక్కలకెల్లి. మాట ఉండదన్నడు."

"తియ్యకపోతే?"

"నువ్వే జెప్పు. డిగ్రీ జదివినవ్ గదా."

"తియ్యకపోతె పాణం ఉండదన్నడు."

"ఇన్న. చెవులు మంచిగనే ఉన్నయి."

"మరి ఒక్క సినిమా కోసం..."

"ఒక్క సినిమా కాదు. గిదే మొదటి సినిమా."

"నలభై ఏండ్ల పైన వేషాలేసి మొదటి సినిమా అంటవేంది?"

"పధ్నాలుగేండ్లప్పుడు దేవరకొండ చర్చిల పాట పాడుతుంటె నాటకాల కంపెనీ ఆయన ఇన్నడు. మా నాయిన ఏసోబును అడిగి తోలుకపోయిండు. ఎస్తేరు అంటె జనం రారని విమలాదేవి అని పేరు పెట్టిన్రు. పేరు పాయె. రాణి వేషం కట్టిన్రు. నాకు సదువు రాదు. హార్మోనియం మాస్టరు సదివితె ఇని నేర్చుకునేది. ఆయనది కోస్తా దిక్కు. ఇంటి మాట నోట్లెకెల్లి వచ్చిందంటె హార్మోనియం మెట్టు ఇడిసి నెత్తి మీద కొట్టేటోడు. మాట పాయె. సినిమాలకు పోయిన. నీ మొఖం బాగుంది, నీ ఏడుపు బాగుంది, గొంతు వద్దమ్మా అన్నరు. గది గూడ పాయె. డాక్టరు కొత్తగ తీసేదేమున్నది?"

"ఇంత మాట్లాడకు. దమ్మొస్తాంది నీకు."

"మాట్లాడనియ్యి. మా అమ్మ నాగులమ్మకు కండ్లు పోయినయి గదా. కండ్లు పోయినంక దేవరకొండ టెంటు టాకీసుల నా సినిమా వచ్చింది. తల్లి వేషం. సినిమా అంత నేనే ఉంట. మీ ఆయన అప్పుడు ఇంతంత. వాన్ని చెయ్యి వట్టుకొని పోయింది మా అమ్మ. ఇంటర్వెల్ దాంక కూసున్నది. ఎస్తేరు ఎప్పుడొస్తది, ఎస్తేరు ఎప్పుడొస్తది అని పక్కోళ్లను అడుగుతనే ఉన్నదట. వాళ్లు గిదే గదా అవ్వా మీ బిడ్డ అంటె నమ్మలె. నేను రెండు రోజులకు ఇంటికొచ్చిన. నా చెయ్యి వట్టుకొని ఏమన్నదో ఎరికేనా?"

"ఏమన్నది?"

"బిడ్డా, నీ వేషం కోసేసినట్టున్నరు, ఫికర్ జెయ్యకు అన్నది."

"నువ్వేం చెప్పినవ్?"

"అవు అమ్మా, కోసేసిన్రు అన్న. నాగేందర్ తిరుమలగిరి పిలగాడు. గొర్లు కాసేటోళ్ల కొడుకు. సీరియల్ సెట్ల నేను లైట్లు వట్టేటోన్ని తిట్టుకుంట ఉంటె ఇన్నడు. పెద్దమ్మా, గీ గొంతు ఇన్నేండ్లు యాడ దాసినవ్ అన్నడు. వాని సినిమాల మందతోని తిరిగే ముసల్ది నేను. పేరు గూడ దేవరకొండ ఎస్తేరు అని ఏస్తడట. గీ ఒక్కటి కానియ్యి బిడ్డా."

"ఎప్పుడైతది?"

"అయితది."

"అదే ఎప్పుడు?"

"ఆటో వచ్చింది. బాలయ్య హారన్ కొడ్తాండు."

"మళ్ల పానగల్‌కా? గీ ఎండల?"

"మా చెల్లె బిక్షమ్మ ఎదురు సూస్తది."

"రోజూ పోయి ఏం చేస్తరు మీరిద్దరు?"

"ముచ్చట పెట్టుకుంటం."

"గొంతు లేకుండ ముచ్చటా?"

"ఆమె జెప్తది. నేను ఇంట. చెప్పులేవి?"

"తలుపు కాడ. అత్తమ్మా, నా దిక్కు చూసి చెప్పు. బిక్షమ్మ చిన్నత్త ఇంటికేనా?"

"రిమోటు దిండు కిందనే ఉన్నది. సౌండు తగ్గిచ్చుకో."

సాయంత్రం. వంటిల్లు. ఆఫీసు నుంచి వచ్చిన నవీన్‌కుమార్, స్నేహలత.

"అమ్మ వచ్చిందా?"

"ఇంకా రాలె. చేతులు కడుక్కో. ఒక సంగతి చెప్పాలె."

"చెప్పు."

"బిక్షమ్మ చిన్నత్త ఫోన్ చేసింది. అక్కను చూడక రెండు నెలలైంది, ఒకపారి తోలుక రాండ్రి అన్నది."

"రోజూ ఆడికే పోతాంది గదా."

"అదే మరి."

"నువ్వేమన్నవ్?"

"సరే చిన్నత్తా, తోలుకొస్తం అన్న. అటెనుక బాలయ్యకు ఫోన్ చేసిన. నాకు చెప్పొద్దని అత్తమ్మ ఒట్టు పెట్టిచ్చుకున్నదట. రెండుసార్లు అడిగితె చెప్పిండు. పానగల్ గుడి ఎనక సందుల దింపుతడట. రేకుల రూంల ఎవరో ఒక ముసలామె ఉంటదట. మన దిక్కు మనిషి కాదట. ఇద్దరు తలుపేసుకుంటరట."

"పసరు మందు."

"ఏమో."

"ఏమో ఏంది, పసరు మందే. మా ఆఫీసుల దుర్గయ్య సారు తమ్ముడు గట్లనే చేసిండు. గొంతుల గడ్డకు ఎవరో ఆకు పసరు పోస్తరంటె ఎండకాలమంత తిరిగిండు. వానలు పడేటాలకు నీళ్లు దిగలె. దవాఖానోళ్లు చూసి ఇంటికి తీస్కపోండ్రి అన్నరు."

"మెల్లగ. కింద వినబడ్తది."

"వినబడనియ్యి. మూడోసారి తారీఖు తీసుకున్న నేను. గా డాక్టరు నా దిక్కు ఎట్ల చూసిండో తెలుసా? మీ అమ్మగారికి చెప్పారా అండీ అని అడిగిండు. చెప్పకుంట ఉన్నననుకుంటున్నడు."

"ఇంకోటి ఉన్నది. గట్టిగ ఒర్లకు."

"ఏంది?"

"నిన్న తలకు నూనె పెడ్తుంటె చేతికి తగిలింది. చెవి కింద. ఎడమ దిక్కు."

"గడ్డనా?"

"చింతగింజంత ఉన్నది. పోయిన నెల తల దువ్వినప్పుడు లేదు."

"ఆమెకు తెలుసా?"

"నా చెయ్యి పట్టి పక్కకు జరిపింది. కొంగు కప్పుకున్నది. నూనె చాలు పో అన్నది. నువ్వు నీళ్లు తాగు."

"ఒద్దు. రేపు పొద్దుగాల చేతులు కాళ్లు పట్టి కారుల ఏసుకొని పోతా."

"గట్ల పోతె సంతకం పెట్టదు. పెట్టకపోతె ఆపరేషన్ చెయ్యరు. నాగేందర్ గూడ ఫోన్ చేసిండు ఇయ్యాల."

"వాడేమంటడు?"

"గొంతు వేరేటామెతోని చెప్పిస్తున్నరట. ఇయ్యాలతోని నేర్పుడు అయిపోతది వదినా అని ఏదో మొదలుపెట్టిండు. నాకు కోపమొచ్చింది. ఇంకేం విననే లేదు, ఫోన్ పెట్టేసిన. మళ్ల చేసిండు, ఎత్తలె."

"వేరే గొంతా? మళ్లనా?"

"మళ్లనే. దేవరకొండ ఎస్తేరు అని పేరేస్తరట. గొంతు మాత్రం ఎవరిదో."

"వీనికోసమా ఆమె నెల రోజులు ఆగింది?"

"ఆమెకు తెల్వదు."

"చెప్పు. ఇయ్యాలనే చెప్పు. గొంతు చెప్పేది లేదని తెలిస్తె ఇంక ఆగెటందుకు ఏమున్నది? సోమవారం వస్తది."

"వస్తదా? లేకపోతె ఇంక దవాఖాన ఎందుకు అంటదా? గది ఆలోచించు. గా సినిమా మీదనే నిలబడ్డది ఆమె. అది తీసేస్తె ఏమైతదో నాకు తెల్వదు. నువ్వు చెప్పు. కొడుకువు నువ్వు."

"నాతోని కాదు."

"ఎందుకు కాదు?"

"నాతోని కాదు స్నేహా."

"అదే, ఎందుకు?"

"టెంటు టాకీసు సంగతి అమ్మ నీకు చెప్పిందా?"

"మీ అవ్వ సంగతా? ఇయ్యాలనే చెప్పింది. వేషం కోసేసిన్రు అన్నదట గదా."

"అవ్వ సంగతి చెప్తది. నా సంగతి చెప్పదు."

"నీ సంగతి ఏంది?"

"నాకు అయిదేండ్లు. అమ్మ ఆరు నెల్లకోసారి వచ్చేది. మొఖం యాదున్నది నాకు, గోడకు ఫోటో ఉండె. గొంతు యాది లేదు. అవ్వ చీకట్ల ఎస్తేరు ఏది ఎస్తేరు ఏది అంటాంది. నేను చూస్తున్న. అమ్మనే. తెర అంత అమ్మనే. మెత్తటి గొంతు. కొడుకును దగ్గెర కూసోబెట్టుకొని 'నాయనా, అన్నం తిన్నావా' అని అడుగుతది. గది ఇన్న. ఇంటికొచ్చి పండుకున్నా గదే ఇనవడ్డది."

"హైమవతి గొంతు."

"నాకేం తెలుసు ఎవరి గొంతో. రెండు రోజులకు అమ్మ వచ్చింది. 'తిన్నవా కొడుకా' అన్నది. గరుకుగ, పెద్దగ. దగ్గెరికి పోలె నేను. అవ్వ కొంగు వట్టుకొని, నువ్వు మా అమ్మవు కాదు, మా అమ్మ గట్ల మాట్లాడది అన్న."

"చిన్నపిల్లగానివి."

"ఏడ్వలె ఆమె. తిట్టలె. నా ముందర గొంతుకూసున్నది. గా సినిమా గొంతు చేసింది. అచ్చం. 'నాయనా, అన్నం తిన్నావా' అన్నది. అప్పుడు పోయిన. పోయి ఒళ్లె కూసున్న. నాకు తెలివొచ్చేదాంక ఇంటికొచ్చినప్పుడల్ల నాతోని గా గొంతుతోనె మాట్లాడింది. ఆమె గొంతుతోని కాదు. గట్లాంటిదాన్ని పట్టుకొని, నీ గొంతు మళ్ల తీసేసిన్రమ్మా అని నేను చెప్పాల్నా?"

"ఆటో సప్పుడు."

"వచ్చింది."

"మెట్లెక్కుతాంది. కండ్లు తుడుచుకో. నేనే చెప్తా. బువ్వ తిన్నంక చెప్తా."

అదే వంటిల్లు. ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు.

"జావ చల్లారింది అత్తమ్మా. మెల్లగ."

"మీరు తినుండ్రి. పప్పు ఏంది?"

"చింతచిగురు."

"వాసన వస్తాంది. ఒక్క ముద్ద పెట్టు."

"దిగదు నీకు."

"నాలిక మీద పెట్టుకొని తీసేస్త. ఇటియ్యి."

"బిక్షమ్మ చిన్నమ్మ మంచిగున్నదా అమ్మా?"

"మంచిగనే ఉన్నది."

"ఇయ్యాల ఫోన్ చేసింది. నిన్ను చూడక రెండు నెలలాయెనంట."

"ఓ."

"ఎవరమ్మా గా రేకుల రూంల ముసల్ది?"

"బాలయ్య నోరు ఆగదు."

"ఏం తాగిస్తాంది నీకు?"

"చాయ్."

"పసరు తాగిస్తాందా?"

"చాయే. చక్కెర ఎక్కువేస్తది. గదొక్కటే ఆమె తప్పు."

"ఆటలా అమ్మా? నేను ఆఫీసుల సెలవు కోసం..."

"నవీన్, ఆగు నువ్వు. అత్తమ్మా, నేను ఒక మాట చెప్పాలె. బువ్వ అయినంక చెప్పుదామనుకున్న."

"జెప్పు."

"నాగేందర్ ఫోన్ చేసిండు. సినిమాల గొంతు... వేరేటోళ్లతోని చెప్పిస్తున్నరట."

"అవు."

"అవు ఏంది?"

"నేనే జెప్పిన్నే బిడ్డా, వేరేటోళ్లను పిలువుమని."

"నువ్వా?"

"మీకు చెప్పకుంట ఒకపారి హైదరాబాద్ పోయిన, నాగేందర్‌తోని. గొంతు చెప్పే రూంల కూసోబెట్టిండు. ముందర తెర మీద నేనే మాట్లాడ్తున్న. నా పెదవులు కదిలినప్పుడు నేను మాట కలపాలె. మొదటి మాటకు గాలి వచ్చింది. రెండో మాటకు దగ్గొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్న. కొంగుకు నెత్తురు అయింది."

"మాకెందుకు చెప్పలె?"

"జెప్తె ఆ దినమే దవాఖానల ఏసేటోళ్లు."

"ఏసేటోళ్లం. ఏస్తె గా చెవి కిందిది రాకపోతుండె."

"స్నేహ జెప్పిందా?"

"నీకు తెలుసా అది?"

"నా మెడల వస్తె నాకు తెల్వదా కొడుకా?"

"గీ నెల రోజులల్ల వచ్చిందది. గీ నెల."

"అవు."

"దీనికోసం ఆగితె వచ్చింది."

"అవు."

"నీ గొంతు కాదని తెలిసినంక ఎందుకు ఆగినవ్ మరి? ఎవరికోసం?"

"అరువకు. బువ్వ ముందర అరువొద్దు. నాగేందర్ మన దిక్కు పిల్లలను పిలిచిండు. ముగ్గురు వచ్చిన్రు. మాట మంచిగ వచ్చింది వాళ్లకు. నా పెదవి దొరకలె. నేను మాట మధ్యల ఆగుత. ఎందుకు ఆగుతనో ఎంతసేపు ఆగుతనో వాళ్లకు తెల్వదు. బొమ్మ ఒక దిక్కు పోతాంది, మాట ఒక దిక్కు పోతాంది. సూస్తుంటె నాకే నవ్వొచ్చింది."

"ఎక్కడ ఆగుతవ్ అత్తమ్మా?"

"అన్నిట్ల. సినిమాల మొదటి మాట ఉన్నది. మందల నుంచి కొడుకు వస్తడు, మొఖం కిందికి పెట్టుకొని కూసుంటడు. 'తిన్నవా' అంట. ఆగుత. వాడు తలకాయ ఎత్తినంక 'కొడుకా' అంట. ఎత్తకపోతె అనను."

"అట్ల ఎవరు నేర్పిన్రు?"

"నవీన్ నేర్పిండు. అయిదేండ్లప్పుడు. తిను నవీన్. తినుకుంట ఇను. నా ఆగుడు తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉన్నది. ముప్పై ఏండ్లు నేను ఊపిరి తీస్తె ఊపిరి తీసింది, ఆగితె ఆగింది. నా మొఖం ఆమె సూసినట్టు నా మొగడు గూడ సూడలె. గిప్పుడు ఆమెకు పని లేదు. సినిమాలల్ల మన మాట గావాలంటున్నరు, ఆమెకు మన మాట రాదు. నాకు మాట ఉన్నది, గొంతు లేదు. నాగేందర్ పానగల్ల రూం కిరాయికి తీసిండు. కూసోబెట్టి నేర్పిన. ముసల్ది. నోరు తిరగదు. రోజంత చెప్తె ఒక్క మాట వచ్చేది. ఉన్న గొంతు అంత దానికే అయిపోయింది."

"నీ పాణం గూడ."

"గది డాక్టరు సూస్తడు. గొంతు నాది కాకపోయినా మాటన్న నాది ఉండాలె కొడుకా. ఒక్కదాంట్లనన్న. సోమవారం పోదాం."

"ఏంది?"

"దవాఖానకు. పోదాం. తియ్యనియ్యి. బస్సు ఒద్దు, మధ్యల దిగుత. కారు మాట్లాడు."

"నిజంగనేనా అమ్మా?"

"ఇయ్యాల ఆఖరి మాట ఒప్పజెప్పిన. నాకు ఇంక పని లేదు. డాక్టరు చెవి కిందిది చూసి ఏమన్నా, నువ్వు ఆయన ముందట ఏడ్వొద్దు. గంతే."

"..."

"స్నేహా, ఇంకో కంచం పెట్టు."

"ఎవరికి?"

"కింద మెట్ల మీద కూసున్నది. నాతోనె ఆటోల వచ్చింది."

"గింత సేపు బయటనా? లోపటికి తోలుక రాకపోయినవా?"

"రానన్నది. గీ ఇంట్ల ఎన్నడు సౌండు పెట్టనియ్యలేదని నేనే చెప్పిన. కోడలు పిలిస్తె వస్తనన్నది."

"ఎవరత్తమ్మా ఆమె?"

"పగటీలి టీవీల సౌండు తగ్గియ్యమన్నవ్ సూడు, గా గొంతు."

"హైమవతా?"

"అమ్మా..."

"నువ్వు లేవకు నవీన్. కూసో. బిడ్డా, పిలువు."

"అమ్మా, పైకి రాండ్రి. మెల్లగ, మెట్టు ఎత్తుంటది. రాండ్రి లోపటికి."

"నిలవడకు హైమవతమ్మా. గీడ కూసో. వీడే మా కొడుకు. మొదటి మాట అను. నేను ఇంట."

"తిన్నవా..."

"తలకాయ ఎత్తు నవీన్."

"...కొడుకా."